తొలి పెనం బెల్లం

మాఘమాసం పొద్దుటిపూట బెల్లం వండే వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు తేలికైపోతుంది. పందొమ్మిదివందల యాభైల్లో చోడవరం దగ్గర మా పొలంలో గానుగ తిరిగేది. పెనం మీంచి లేచిన ఆవిరి మంచులో కలిసిపోయి, ఎద్దులు మబ్బులో నడుస్తున్నట్టు కనిపించేవి.

ఒక ఏడు మా ఆయన టైఫాయిడ్‌తో మంచం పట్టారు. పెత్తనం నా నెత్తిన పడింది. గొంతు ఉంది కదా, పెత్తనానికి ఇంకేం కావాలి అనుకున్నాను. చెరుకు నరకడానికి మాడుగుల అవతలి కొండల నుంచి మనుషులు దిగొచ్చారు. నరికిన చెరుకంతా గానుగ దగ్గర పడి ఉంది. ఆలస్యమైతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. మా ఏడాది తిండీ, ఆయన మందులూ అందులోనే ఉన్నాయి.

పాకం చూసేది మా ఆయనకు చిన్నాన్న, నాకు మావయ్య. తొలి పెనం దిగగానే పనిచేసిన ప్రతి మనిషీ ఆ బెల్లం నోట్లో వేసుకోవాలి, లేకపోతే రెండో పెనం ఎక్కించకూడదు. అది ఆయన పట్టింపు. వేడి ముద్దలు పంచుతుంటే కొండవాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"మన బెల్లం సేదయ్యిందేటి ఈల్లకి? తినమను. నేకపోతే పొయ్యి ఆరిపేత్తాను," అన్నాడు మావయ్య.

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. నేనూ కయ్‌మన్నాను. వాళ్ళలో తెలుగు వచ్చిన ముసలామె మెల్లగా చెప్పింది.

"కోపం వొద్దమ్మా. కొత్త పంట కొండదేవతకి పెట్టకుండా మేం తినం. తింటే పిల్లలకి కీడు. మా పండగ ఇంకా రాలేదు."

వాళ్ళకు తింటే కీడు, మావయ్యకు తినకపోతే కీడు. మధ్యలో నా చెరుకు ఎండిపోతోంది. ఏం తోచక వెళ్ళి ఆ ముసలామె పక్కన పిప్పి మీద కూలబడ్డాను. ఆవిరి మా ఇద్దరినీ కప్పేసింది. మంచు విడిపోతూ కొండలు లేతనీలంగా బయటపడుతున్నాయి. మీ దేవత ఎక్కడుంటుందని అడిగితే వేలితో చూపించింది. అక్కడ ఏం వండుతారో, ఎవరు పెడతారో, ఏ పాట పాడతారో చెబుతూ పోయింది. అది వింటూ ఎంతసేపు కూర్చున్నానో, కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు.

లేచి మావయ్య దగ్గరకు వెళ్ళాను.

"నేనూ తిన్ను మావయ్యా. ఆల్ల దేవతకి పెట్టేకే తింటాను. నా సెయ్యీ పన్సేసిందే కదా, మరిప్పుడు పొయ్యి ఆరిపేత్తారేటి?"

  మావయ్య తన చేతిలోని ముద్దను అడ్డాకులో చుట్టి ముసలామె ముందు పెట్టాడు.

"నాదీ అట్టుకెల్లు. మా గుంటడికి, ఈయమ్మ పెనిమిటికి, జొరం తగ్గట్నేదు. ఆ మాట మీ అమ్మ సెవినెయ్యి," అని, వెళ్ళి రెండో పెనం ఎక్కించాడు.

ముసలామె ఆకుపొట్లం ఒడిలో పెట్టుకుని నా వైపు తిరిగింది. పేరు చెప్పకపోతే ఎవరికోసమో అమ్మకు ఎలా తెలుస్తుంది, మీ ఆయన పేరేమిటి అంది. మా ఇళ్ళలో భార్య భర్త పేరు పలకదు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ పేరు నా నోట రాలేదు. మావయ్య వినేంత దూరంలోనే ఉన్నాడు. అందరి ముందూ గట్టిగా పలికాను.