వారిన్ వకీలుగారి ఫ్రెంచి

లెడ్‌వెల్ ఊళ్లో వారిన్ పెడ్లీకి ఉన్న పేరంతా ఫ్రెంచి వల్ల వచ్చిందే. తండ్రి తోళ్లు పదును చేసేవాడు. కొడుకు మాత్రం పక్క మఠంలో గుమాస్తా దగ్గర కోర్టు ఫ్రెంచి బట్టీపట్టి వకీలయ్యాడు. ఆకలేస్తోందని ఆ భాషలో చెప్పడం అతనికి రాదు. దావా వేయమన్నా వాయిదా అడగమన్నా మాత్రం నిద్రలో లేపినా చెప్పేవాడు. ఊరంతా మాట్లాడేది ఇంగ్లీషే అయినా ఆ కాలంలో కోర్టులో ఫ్రెంచి తప్ప చెల్లదు కనుక అతను ఏమంటున్నాడో ఊరివాళ్లకు ఒక్క ముక్క తెలిసేది కాదు. తెలియనందుకే గౌరవం ఎక్కువ.

పార్లమెంటుకు మనిషిని పంపమని రాజుగారి తాఖీదు వచ్చినప్పుడల్లా ఊరి పెద్దలకు బురద దారి గుర్తొచ్చేది. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి కూతురి పెళ్లి. చివరికి వారిన్‌ను తోసేవారు. అలా నాలుగోసారి వెళ్లినప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్‌లో వెనక వరసలో, తడిసిన బూట్లతో నిలబడి ఒక చట్టం విన్నాడు. ఇకమీదట కోర్టుల్లో ఇంగ్లీషులోనే వాదించాలట. ఫ్రెంచి వద్దనే ఆ చట్టాన్ని ఫ్రెంచిలోనే చదివారు. పక్కవాళ్లు సరేనంటే వారిన్ కూడా గంగిరెద్దులా తలూపాడు. అది తన మెడకే చుట్టుకుంటుందని సగం దారి వచ్చాక గాని తోచలేదు.

కొత్త చట్టం కింద అతని మొదటి దావా ఐడొనీది. ఆమె మొగుడు పోయి నెల కాలేదు, మొదటి పెళ్లాం కొడుకు ఫుల్క్ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మొగుడి ఆస్తిలో భార్యకు మూడోవంతు దక్కితే ఇల్లు నిలుస్తుంది.

"ఓడిపోతే మా అక్క పాకలోకి పోవాలయ్యా. అక్కడ పందులకే చోటు చాలదు," అంది ఐడొనీ.

"ఇలాంటివి నలభై గెలిచానమ్మా. నువ్వు ఊరికే కూర్చో," అన్నాడు వారిన్.

గెలిచిన మాట నిజమే. నలభైకీ ఒకటే వాక్యం. ఫ్రెంచిలో దాన్ని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు. వాయిదా రోజున కోర్టులో దాన్నే ఇంగ్లీషులో మొదలుపెట్టేసరికి ఏ మాట ముందో ఏది వెనకో తెలియలేదు. అమ్మ జోకొట్టిన భాషే అయినా తన గొంతు తనకే గొర్రెల బేరంలా వినిపించింది.

"ఈమెను... ఈమె భర్త చర్చి గుమ్మం దగ్గర, నలుగురి ఎదుట పెళ్లాడి, మూడోవంతు రాసి... కాదు, నోటిమాటగా ఇచ్చి..."

"గుమ్మం దగ్గర కాదయ్యా," ఐడొనీ వెనకనుంచి అందించింది, సాయం చేస్తున్నాననుకుని. "ఆయనకు జ్వరం కదా. మంచం పక్కనే చేశారు. ఫాదరే ఇంటికొచ్చాడు."

చర్చి గుమ్మం దగ్గర జరగని పెళ్లికి మూడోవంతు లేదు. ఆ సంగతి అక్కడ ఐడొనీకి తప్ప అందరికీ తెలుసు.

"ఆవిడే చెప్పింది, ఇంకేముంది," అని న్యాయాధిపతి దావా కొట్టేశాడు. ఫుల్క్ టోపీ అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఇద్దరూ బయటికొస్తే మంచు పడుతోంది. వారిన్‌కు ఏమీ పాలుపోలేదు. ఆ నలభైమందిలో ఎందరి పెళ్లి గుమ్మం దగ్గర జరిగిందో, ఒక్కరినైనా అడిగాడా? వాక్యంలో ఉంది కనుక చెప్పాడు. అప్పుడు అబద్ధాలు చెప్పి గెలిచాడా? ఇవాళ నిజం చెప్పినందుకు ఈవిడ పందుల పాకలోకి పోతోంటే దీన్ని న్యాయమనాలా? ఎంత ఆలోచించినా తల దిమ్మెక్కడమే గాని తేలలేదు. సిగ్గు మాత్రం వేసింది.

"ముందే ఒక్కమాట అడిగుంటే గుమ్మం దగ్గరేనని నేనూ అనేదాన్ని కదయ్యా," అంది ఐడొనీ, శాలువా బిగించుకుంటూ. "మీ మాట అర్థం కానన్నాళ్లూ అందరూ గెలిచారు. నా వంతొచ్చేసరికి అర్థమై చచ్చింది. ఏ పెద్దమనిషి చేశాడీ చట్టం?"

వారిన్ బూట్లకంటిన మంచు దులుపుకున్నాడు. దులుపుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"చాలామందిమి ఉన్నామమ్మా," అన్నాడు. "నేనూ సరేనన్నాను."

అది కూడా ఆమెకు అర్థమైంది.