నీళ్లకాడి మేత

2022లో నేను మదనపల్లె దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఇప్పటికీ అదే పని. పిల్లల కోడ్‌లో తప్పు కనబడితే చాలు, వాళ్లను పక్కకు జరిపి నేనే దిద్దేసే రకం. తొందర మనిషిని. ఆ తొందరే రెడ్డెమ్మ కొంప ముంచింది.

రెడ్డెమ్మది కురబలకోట పక్క పల్లె. వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. ఫైనలియర్‌లో ఆ పిల్లకు రెండు బ్యాక్‌లాగ్‌లు, అంటే పాస్ కాకుండా మిగిలిపోయిన సబ్జెక్టులు. అవి ఉంటే ఏ కంపెనీ ఇంటర్వ్యూకు పిలవదు. అప్పుడే కుప్పంలో ఒక కాలేజీ ప్రోగ్రామింగ్ పోటీ పెట్టింది. గెలిచినవాళ్లను మార్కులతో పనిలేకుండా బెంగళూరు కంపెనీ ఒకటి నేరుగా ఇంటర్వ్యూ చేస్తుందన్నారు. రెడ్డెమ్మకున్న దారి అదొక్కటే.

పోటీ ఒక గేమ్. తెరమీద గ్రిడ్, అంటే చదరంగం పలక మాదిరి గళ్లు. కొన్ని గళ్లలో గడ్డి, మధ్యలో నీళ్లు. ఐదు గొర్రెలు. ప్రతి అడుగూ అవి ఎటు వెయ్యాలో చెప్పే మూవ్‌మెంట్ స్ట్రాటజీని మనం రాయాలి. ఎంత మేసినా పోనుపోను గొర్రెలకు నడిచే సత్తువ తగ్గుతుంది, మేత అందకపోతే చస్తాయి. మూడొందల అడుగుల తర్వాత ఎవరివి ఎక్కువ బతికుంటే వాళ్లు గెలిచినట్టు.

బయలుదేరే రోజు పొద్దున రెడ్డెమ్మ తన కోడ్ నడిపి చూపించింది. గొర్రెలు నీళ్ల పక్క పచ్చటి గళ్లను తొక్కుకుంటూ పోతున్నాయి గానీ నోరు పెట్టడం లేదు. ఎక్కడో మూలనున్న గడ్డికి నడుస్తున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఇది? ఎదురుగా మేత పెట్టుకొని ఆడికి యాల పోతాండాయి?"

"అదట్లే సార్. మా నాయన..."

"మీ నాయన కోడ్ రాస్తాడా? జరుగు పక్కకు."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. రెండు లైన్లు కొట్టేసి, ఏ గడ్డి దగ్గరుంటే దానికే పొమ్మని రాసేసినా. ముప్ఫై అడుగులు నడిపితే గొర్రెలు కడుపునిండా మేసినాయి. "సూసినావా?" అన్నా. తలూపింది.

కుప్పంలో మొదటి వంద అడుగులు మావే ముందు. నేను వెనక కూర్చొని మీసం దువ్వుకుంటున్నా. అంతలో నీళ్ల పక్క గడ్డి అయిపోయింది. సత్తువ లేని గొర్రెలు దూరం మేతకు పోలేక దారిలోనే ఒక్కొక్కటీ ఆగిపోయినాయి. ఐదూ పోయినాయి. రెడ్డెమ్మ తెరనే చూస్తూ నిలబడింది.

తిరుగు బస్సు పుంగనూరులో ఆగితే టీ తెచ్చిచ్చినా, వద్దంది. బస్సు కదిలినాక తనే చెప్పింది. "పొద్దున గొర్రెలకు సత్తువ ఉంటాది సార్. అప్పుడు దూరం తోలుకుపోతాము. నీళ్లకాడి మేత సాయంత్రానికి దాస్తాము. అలిసిపోయినాక అవి యాడికీ పోలేవు కదా."

మర్నాడు పోటీవాళ్ల గ్రిడ్ మీదే ఆమె పాత కోడ్ నడిపినా. మూడొందల అడుగులయినాక ఐదు గొర్రెలూ బతికే ఉన్నాయి. కుప్పంవాళ్లకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పుకున్నా. "రిజల్ట్ ఇచ్చేసినాం సార్" అన్నారు. కంపెనీకి మెయిల్ రాస్తే జవాబు లేదు. ఆ పిల్లకు చెప్పే ధైర్యం మాత్రం నాకు రాలేదు.

రెడ్డెమ్మ ఇప్పుడు మదనపల్లె టమోటా మార్కెట్‌లో ఒక మండీలో కంప్యూటర్ ముందర కూర్చొని లారీల స్లిప్పులు కొడుతుంది. మొన్న కనబడి "బాగుండారా సార్?" అంది. ఆ పలకరింపుకు తట్టుకోలేక, నీ కోడే గెలిచేదమ్మా అని ఇన్నేళ్లకు బయటపెట్టినా.

"తెలుసు సార్. ఇంటికి పోతానే నేనూ నడిపి సూసుకుంటి."

"ఆ పొద్దే గట్టిగా చెప్పుంటే..."

"చెప్పబోతి సార్. మీరు జరగమంటిరి."

కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటాండాది.

ఇప్పుడు ల్యాబ్‌లో చేతులు వెనక్కి కట్టుకొని నిలబడతా. ఎంత తప్పనిపించినా ముందు "ఎందుకిట్లా రాసినావమ్మా?" అని అడిగి, చెప్పినంతసేపూ వింటా. అడగాల్సిన పిల్లను మాత్రం ఆ పొద్దు అడగలేదు.