పురుగు లేని వంక

పాకాల దగ్గర మా మామిడితోపుకు ఆధారం కొండ దిగి వచ్చే ఒక వంక. పక్కనే మామిడిగుజ్జు ఫ్యాక్టరీ కడతామని, మురుగు అందులోకే వదులుతామని కిందటేడు కబురొచ్చింది. వంకలో ప్రాణమున్నదీ లేనిదీ చూసి చెప్పడానికి తిరుపతి నుంచి ఆఫీసరు వస్తాడన్నారు.

పెళ్లయ్యాక నా జువాలజీ పనికొచ్చింది ఆ ఒక్కసారే. పారే నీళ్లు మంచివైతే రాళ్ల అడుగున ఒక జాతి పెంకుపురుగు పిల్లలు అంటుకుని ఉంటాయి, అద్దానికి అంటించిన స్టిక్కర్ బొట్లలాగా గుండ్రంగా, రాగిరంగులో. నీళ్లు చెడితే ముందు చచ్చేవి అవే. ఆఫీసరుకు రాయి తిప్పి చూపిస్తే చాలు, మాట్లాడే పని లేదు. నేను నోరు తెరవకుండా గెలిచే అవకాశం ఇదొక్కటేనని మా ఆయన సంబరపడ్డాడు.

మా మరిది వార్డు మెంబరు. ఆఫీసరు పురుగుల కోసం వస్తున్నాడన్నంత వరకే విన్నాడు. పెద్దమనిషి వస్తే దారికి రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ చల్లడం మన మర్యాద. ఆ మర్యాద వంకకూ చేశాడు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే వంకంతా కల్యాణమండపం మరుగుదొడ్డి వాసన. రాయి తిప్పితే బొట్లు ఊడి చేతికొచ్చాయి.

"ఏం జేసినావప్పా?"

"రెండు మూటలు కొట్టిచ్చినా వదినా. ఇంగ ఒగ పురుగు కనబడితే మీసం తీసేస్తా!"

"ఆ పురుగులే గదప్పా మన సాక్షులు!"

"పురుగులుండే నీళ్లు మంచివని యే కాలేజీలో సెప్పినారు నీకు?"

ఆఫీసరు ఒడ్డునే నిలబడి రాళ్లు తిప్పించాడు. "చచ్చిన వంకమ్మా ఇది. మురుగు కలిసినా కొత్తగా పోయేదేమీ లేదు."

"నిన్నటిదాకా బతికే ఉండింది సార్. మీకు మర్యాద చేసి చంపినాం. పైకి రండి, మర్యాద అందని చోటు చూపిస్తా."

ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. నేను మరిది వంక చూశాను. పాపం, పంచె ఎగ్గట్టి పైకెక్కి, ఒక రాయిని పసిబిడ్డలా తడి తువ్వాలులో చుట్టుకొచ్చాడు. తిప్పితే అడుగున బొట్లు. ఒకటి మెల్లగా పాకింది. ఆఫీసరు బూట్లు విప్పాడు.

"యాడ చూసినా పురుగులే సార్ మా వంకలో!" అంటూ తనే పెంచినట్టు మరిది ముందు నడిచాడు.

మురుగు ఈ వంకలోకి వద్దని ఆఫీసరు తేల్చాడు. మీసం సంగతి నేను తేల్చాను.

ఈ వానలకు కింది రాళ్లమీద మళ్లీ బొట్లు కనబడ్డాయి. మరిది మీసం అంతకు చాలా ముందే వచ్చేసింది.