మందార పూలు, మసకబారిన కెమెరా

కన్నాలు మూసే సీలింగ్ ముద్ద చిటికెడుంటే ఎంత నాశనం చేయవచ్చో మీకు తెలియదు. నాకు తెలుసు. చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నవ్వు రాదు.

భిలాయి సెక్టర్ 7లో మా ఇంటి ముందు మందార చెట్టు ఉంది. తెల్లారేసరికి దాని పూలు మాయమయ్యేవి. మా అమ్మ అనుమానం పక్కింటి సత్యవతి పిన్ని మీద పడింది. పిన్ని మాకు చుట్టం కాదు. ఈ హిందీ ఊళ్ళోకి మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చింది కాబట్టి పిన్ని అయింది. ఆవిడా అమ్మా ప్రహరీ గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి, కూర గిన్నెలు మార్చుకుంటూనే ముసలివాళ్ళయ్యారు.

సంగతి చెవిన పడగానే పిన్ని గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచింది.

"బాబూ, ఓ కెమెరా ఎట్టించీ. నాను తీత్తన్నానో, ఇంకెవులు తీత్తన్నారో అదే సెప్తాది."

పరువు తెచ్చి నా చేతిలో పెట్టింది పాపం. ఎలాంటి చేతిలో పెట్టిందో చూడండి.

పక్క ఊరు దుర్గ్ వెళ్ళి కెమెరా కొన్నాను. దుకాణం అతను మరీ మరీ చెప్పాడు: "భయ్యా, నీచే కా ఛేద్ బంద్ మత్ కర్‌నా." అడుగున ఉన్న చిన్న కన్నం మూయొద్దట, లోపల చేరిన నీళ్ళు పోవడానికట. నేను వింటానా? అప్పట్లో జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని నాది. అక్కడ మోటారు దగ్గర్నుంచి టిఫిన్ డబ్బా దాకా, కన్నం కనిపిస్తే మూసెయ్యడమే మా మతం. లేకపోతే సిమెంటు దుమ్ము దూరిపోతుంది.

నిచ్చెనెక్కి, కెమెరా బిగించి, కనబడిన ప్రతి సందులోనూ సీలింగ్ ముద్ద కూరాను. అడుగు కన్నంలో ఇంకాస్త ప్రేమగా కూరాను. కింద నిచ్చెన పట్టుకున్న అమ్మ అడిగింది.

"వానొత్తే ఏటీ అవ్వదు గదరా?"

"సముద్రంలో ముంచినా ఏటీ అవ్వదమ్మా!"

వైరుని మాత్రం పైనుంచి తిన్నగా కెమెరాలోకి దించాను. కాస్త కిందికి వంచి తెస్తే నీళ్ళు ఆ వంపులోనే జారిపోతాయని నాకు తట్టలేదు. సాయంత్రమే వాన దంచికొట్టింది. నీళ్ళు వైరు పట్టుకుని లోపలికి దిగాయి. బయటికి దారి లేక అక్కడే కాపురం పెట్టాయి.

పొద్దున్న ఫోనులో చూస్తే ఇడ్లీ పాత్రలోకి తొంగి చూసినట్టుంది, అంతా ఆవిరే. అందులో తెల్లటి ఆకారం ఒకటి, నెత్తిన ముసుగుతో చెట్టు వైపు చెయ్యి చాపింది.

"అదుగో! సత్తెవతి తెల్లసీరే!" అంది అమ్మ.

"సరిగ్గా కనబడ్డం లేదమ్మా..."

"నీకు కనబడదు. నాకు కనబడతంది!"

అప్పుడే గట్టిగా ఆపాల్సింది. కెమెరాలో నీళ్ళు చేరాయని చెబితే నా పనితనం బయటపడుతుంది. అందుకని ఊరుకున్నాను. అమ్మ ఆ ఫోను పట్టుకుని వీధంతా తిరిగింది. పిన్ని తలుపు వేసుకుంది.

ఆదివారం కెమెరా విప్పి ముద్ద పెరికితే, కుళాయి తిప్పినట్టు నీళ్ళు కారాయి. ఆరబెట్టి, వైరు వంచి, మళ్ళీ బిగించాను. మర్నాడు బొమ్మ స్పష్టంగా వచ్చింది. తెల్ల పంచె, నెత్తిన కండువా, చేతిలో బుట్ట. మా గుడి పంతులుగారు!

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఓలమ్మో! పువ్వుల దొంగని పట్టించు సామీ అని రోజూ మొక్కుకుని, ఆయన సేతి పువ్వే కళ్ళకద్దుకుంటన్నాను గదరా!"

నేను పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. "పద, సత్తెవతికి సూపిద్దాం" అంది.

పిన్ని ఫోను వంక కూడా చూడలేదు. "నాకు సూపించడం దేనికి బాబూ? నాను తియ్యలేదని నాకు తెలుసు గదా. ఈదికి సూపించు."

వీధికి చూపించాను. అందరూ పంతులుగారి బుట్ట గురించే మాట్లాడుకున్నారు. పిన్ని పేరు ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎదురుపడితే ఆవిడ అమ్మని పలకరిస్తుంది. కూర గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి మాత్రం రాదు.

అందుచేత, జాముల్ సిమెంటు దుమ్ము సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో కెమెరా అడుగు కన్నం మూయను. అమ్మ ఎదుట నోరు కూడా మూయను. మొదటి తప్పుని ఒక స్క్రూడ్రైవరుతో దిద్దుకున్నాను. రెండోదానికి సరిపడే పనిముట్టు దుర్గ్ బజారంతా గాలించినా దొరకలేదు.