కుడిచేతి మీది సున్నా

బోధన్ బస్టాండు వెనక గల్లీలో సీటు కవర్లు కుట్టే ముక్తార్ దుకాణం ఎక్కడని అడిగితే చాలామంది తెలియదంటారు. అన్‌ఫిట్ ముక్తార్ అనండి, కూర్చున్నవాళ్లు లేచి వచ్చి మరీ చూపిస్తారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. హైదరాబాదులో ఒక గాజు కిటికీ వెనక కూర్చున్న మనిషి పెట్టాడు.

అప్పటికి ముక్తార్‌కు ఇరవై దాటి కొద్ది రోజులే. చక్కెర ఫ్యాక్టరీలో కొత్తవాళ్లను తీసుకోవడం మానేశారు. ఈ పక్క పిల్లలంతా దుబాయి దారి పట్టిన కాలం అది. దుబాయి పోవాలంటే ముందు మెడికల్ దాటాలి. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. ఫిట్ అంటే విమానం, అన్‌ఫిట్ అంటే తిరుగు బస్సు. ఆ రెండింటి మధ్య ఇంకో మాట లేదు. ముక్తార్, ఎడపల్లి సురేందర్ కలిసే పోయారు. ఒకే బెంచీ మీద బనీన్లతో కూర్చున్నారు. ఒకరి వెనక ఒకరు చల్లటి ఎక్స్‌రే పలకకు ఛాతీ ఆనించారు. సురేందర్ ఫిట్. ముక్తార్ అన్‌ఫిట్.

"ఊపిరితిత్తిల మచ్చ ఉంది" అన్నాడు కిటికీ వెనక మనిషి. ఏం మచ్చ, ఎప్పటిది, మందు వాడాలా, ఊరుకోవాలా, ఏదీ చెప్పలేదు. వెనకవాణ్ణి పిలిచాడు.

సురేందర్ పోయాడు, పదేళ్లు ఇసుకలో పని చేశాడు, వచ్చి స్లాబు ఇల్లు కట్టి ఆటో కొన్నాడు. ముక్తార్ మామ దగ్గర సీటు కవర్లు కుట్టడం నేర్చుకున్నాడు. తిరుగు బస్సులోనే అతనికి ఒక సంగతి తట్టింది, మళ్లీ వదల్లేదు. ముందు తను, వెనక సురేందర్. ఫిల్ములు తారుమారయ్యాయి, ఆ మచ్చ వాడిది. అవలేదు, చేశారు. చేయించింది ఎవరో వేరే చెప్పాలా? ఈ మాట భార్య సకీనాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా ఎక్స్‌రే గది గడప తొక్కలేదు. వాళ్లు చూపించదలుచుకున్నదే చూపిస్తారని అతని నమ్మకం.

అనుమానం అతనికి రెండో వృత్తి అయింది. రెగ్జిన్ కొంటే ఎండకు పట్టి చూసి కొంటాడు. చందూర్ పక్క ఆంధ్రా రైతుల క్యాంపు నుంచి జగన్మోహనరావు ట్రాక్టరు సీటు తెచ్చి, "ఏం కుట్టావయ్యా, అద్భుతం" అంటే, బేరం ఎక్కడ మొదలుపెడతాడా అని చూస్తాడు. సురేందర్ ఆటో వెనక సీటు చినిగి స్పాంజి బయటికొచ్చి ఎన్నేళ్లయిందో. కుట్టమని అడిగినప్పుడల్లా ముక్తార్ మాట ఒకటే, "రేపు చూద్దాం." వాళ్లిద్దరూ దోస్తులనే ఊరంతా అనుకుంటుంది.

అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం అనుమానం పక్కన పెట్టాడు. కూతురు హఫ్సా. నిజామాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ చదువుతుంది. కంఠేశ్వర్‌లో హాస్టలు. ఈ ఏడు పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకు పోస్టింగు వచ్చింది. వార్డులో నిలబడి పని నేర్చుకోవడమన్నమాట. ఆ పిల్ల తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటుంటే ముక్తార్ కుట్టుపని ఆపి చూస్తాడు.

ఒక ఆదివారం హఫ్సా ఇంటికొచ్చింది. అన్నానికి కూర్చున్నప్పుడు కుర్తా చెయ్యి పైకి లాక్కుంది. ఎడమ ముంజేతి మీద నీలం పెన్నుతో గీసిన సున్నా. దాని నడుమ ఎర్రగా, గట్టిగా, బొడిపెలా వాచి ఉంది.

"ఇదేంది బేటా?"

"టీబీ చూసే సూది అబ్బూ. పోస్టింగుకు ముందు అందరికీ హెల్త్ చెకప్ పెట్టిన్రు. కామెర్ల టీకా ఏసుకున్నమా, అమ్మవారు పోసిందా, గిట్ల అన్నీ అడుగుతరు. నిన్న ఈ సూది ఇచ్చిన్రు. రేపు పోతే ఎంత వాచిందో కొలుస్తరు."

"వాస్తే?"

"వాస్తే ఎక్స్‌రే తీస్తరంట."

ముక్తార్ చేతిలోని ముద్ద కంచంలో వేసి లేవబోయాడు. సకీనా పప్పు గిన్నె అందిస్తూ ఆగిపోయింది.

"కూసో, తిను ముందు" అంది భర్తతో. "నీ మొఖం చూస్తే పిల్లకు భయమైతది."

"నీకేమెర్క? నేను చూసొచ్చిన గా గదిని."

"నువ్వు చూసింది దుబాయిది. ఇది కాలేజీది."

"అంతా ఒక్కటే. మచ్చుందంటరు, వెనకున్న పిల్లను పిలుస్తరు. బేటా, నీ వెనక ఎవరుంటరు లైన్ల?"

"కల్యాణి."

"వాళ్ల నాయన ఏం చేస్తడు?"

హఫ్సాకు నవ్వొచ్చింది. "వరి పండిస్తడు అబ్బూ. గాయన నా చెయ్యి వాపిచ్చిండా?"

ముక్తార్ నవ్వలేదు. అన్నం తినలేదు. సందు చివర సైకిలు టైర్ల కొట్టు దాకా పోయి వచ్చాడు, మళ్లీ పోయి వచ్చాడు. మధ్యాహ్నం నమాజుకు పోయినవాడు వచ్చేటప్పుడు నీలం పెన్ను కొనుక్కొచ్చాడు. పిల్లను దుకాణంలో కూర్చోబెట్టి షట్టరు సగం దించాడు. తడిగుడ్డ, సబ్బు ముందు పెట్టుకున్నాడు.

ఎడమచేతి మీది సున్నాను నెమ్మదిగా తుడిచేశాడు. వాపు తగలకుండా తుడవడానికి చాలాసేపు పట్టింది. కుడిచెయ్యి పట్టుకుని, మోచేతికి ఎంత దూరమో నాలుగు వేళ్లతో కొలుచుకుని, గుండీ డబ్బా మూత ఆనించి కొత్త సున్నా గీశాడు. మరీ గుండ్రంగా వస్తే నమ్మరని ఒకచోట గీత కొంచెం వంకర తిప్పాడు. ట్రాక్టరు సీట్ల మీద గీతలు గీసి గీసి కుదిరిన చెయ్యి. సున్నా లోపల చర్మం చదునుగా, శుభ్రంగా ఉంది.

హఫ్సా తండ్రి ముఖంలోకి చూస్తూ కూర్చుంది గాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అబ్బూ, నాకు నిజంగ ఏమన్న ఉంటే?"

"ఏం లేదు. ఏం లేకున్నా ఉందంటరు. నాకు చేసింది నీకు చెయ్యనిస్తనా?"

సోమవారం పొద్దున ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. కాలేజీ దాకా దింపి వస్తానని ముక్తార్ వెంట బయల్దేరాడు. సురేందర్ ఆటోకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు.

"ఏం బే అన్‌ఫిట్, పొద్దుగాల్నే యాడికి? బిడ్డను దుబాయి పంపుతున్నవా?"

"నువ్వు పోయినవ్ కద, సాలదా?"

"నేను పోయి ఏం తెచ్చిన, నడుం నొప్పి తెచ్చిన. నా సీటు ఎప్పుడు కుడ్తవ్? గర్భిణోళ్లు ఎక్కుతలేరు నా బండి."

"రేపు చూద్దాం" అని ముక్తార్ బస్సెక్కాడు. ఎడపల్లి దాటేదాకా సురేందర్ మాటే నమిలాడు. దుబాయి అని ఎందుకన్నాడు? వీడికి ఎక్స్‌రే సంగతి ఎవరు చెప్పారు?

కాలేజీ హెల్త్ సెంటరు ముందు వరండాలో అమ్మాయిలు బెంచీల మీద వరసగా కూర్చున్నారు. అందరూ కుర్తా చేతులు పైకి మడుచుకుని ఉన్నారు. ముక్తార్ కళ్లు ఆ వరస వెంట అలవాటుగా పరుగెత్తి, సగం దాకా పోయి ఆగాయి.

ఎడమచెయ్యి. పక్క పిల్లది ఎడమచెయ్యి. ఆ పక్క పిల్లదీ ఎడమచెయ్యే. సూదులన్నీ ఎడమచేతికే ఇచ్చారు.

ఇంత కొలిచి, ఇంత ఆలోచించి, గీతలో వంకర కూడా పెట్టి, ఈ ఒక్కటి అడగలేదు. ఈ పిల్లకు తెలిసే ఉంటుంది. తెలిసి ఎందుకు చెప్పలేదు? కూతుర్ని పక్కనుంచి చూశాడు. మొదటిసారి ఆమె మీద కూడా అనుమానం వచ్చింది.

పేరు పిలిచారు. లోపల డాక్టరు ఉమారాణి, బల్ల మీద ప్లాస్టిక్ స్కేలు, పెన్ను. ముక్తార్ గుమ్మంలో నిలబడ్డాడు. హఫ్సా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది.

"సున్నా ఏది?" అంది ఉమారాణి.

"కడిగినం మేడం. వాపు ఉంది చూడండి. ఈ చేతి మీదున్నది మా అబ్బూ గీసిండు." హఫ్సా కుడిచెయ్యి కూడా చూపించింది. "గీయనియ్యకపోతే నన్ను ఇయ్యాల రానియ్యకపోతుండె."

ఉమారాణి కుడిచేతి సున్నా మీద వేలు పెట్టి చూసింది. "మా సిస్టర్ కన్న మంచిగ గీసిన్రు" అంది.

పొగిడిందంటే బేరం మొదలైనట్టే. ముక్తార్ ఒక అడుగు లోపలికి వేశాడు.

"నా బిడ్డ ఫెయిలేనా?"

"ఫెయిలేంది? ఇది పరీక్షనా?" ఆమె వాపు అంచుల్లో పెన్నుతో గుర్తులు పెట్టి కొలుస్తూ మాట్లాడింది. "వాచిందంటే ఎప్పుడో ఆ క్రిమి ఒంట్లకు వచ్చిందని. జబ్బున్నట్టు కాదు. మన దగ్గర చాలామందికి ఇట్లనే వాస్తది. ఎక్స్‌రే తీసి, ఛాతీ మంచిగుంటే వార్డుకు పోతది. పసిపిల్లల దగ్గర నిలబడే మనిషికి జబ్బు ఉందా లేదా మాకు తెల్వాలె. ఆమెకూ తెల్వాలె."

"నేనొకటి అడుగుత, కోపం చేయొద్దు. రేపు మీ ఆసుపత్రిల పిల్లకు జబ్బు అంటుకుంటే, ముందు నుంచే ఉండె, మాకేం సంబంధం అనేటందుకు కాదా ఇదంత?"

ఉమారాణి స్కేలు కింద పెట్టి మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది.

"అట్ల వాడుకునేటోళ్లు ఉంటే వాడుకుంటరు" అంది. "అందుకే ఎక్స్‌రే ఫిల్ము మీ దగ్గర పెట్టుకోండి. ఇయ్యాల మంచిగుంది అని అది మీ దిక్కు కూడా సాక్ష్యం చెప్తది."

ముక్తార్‌కు ఈ జవాబు ఇబ్బందిగా అనిపించింది. కాదని దబాయిస్తుందనుకున్నాడు. దబాయిస్తే ఏం చెయ్యాలో అతనికి తెలుసు.

మధ్యాహ్నానికి ఎక్స్‌రే వచ్చింది. హఫ్సా ఛాతీ శుభ్రంగా ఉంది. వార్డుకు పోవచ్చన్నారు. ముక్తార్ కూతురి తల మీద చెయ్యి వేసి, ఇక వెళ్దామని తిరిగాడు.

"ఒక్క నిమిషం" అంది ఉమారాణి. "మీ ఇంట్ల ఎవరికన్న పాత దగ్గు, ఛాతీల మచ్చ, అట్లాంటిది ఉండెనా?"

"లేదు."

హఫ్సా తండ్రి వైపు చూడకుండా అంది, "మా ఊర్ల మా అబ్బూ పేరే అది మేడం. అన్‌ఫిట్ ముక్తార్ అంటరు."

అప్పుడు చెప్పక తప్పలేదు. బెంచీ, బనీను, కిటికీ. ఫిల్ముల సంగతి కూడా సగం దాకా వచ్చి, సురేందర్ పేరు దగ్గర మింగేశాడు. ఉమారాణి అంతా విని ఒక్కటే అడిగింది.

"తర్వాత ఒక్కసారన్న చూపించుకున్నరా?"

"ఎందుకు? నేను చూపించుకోకుంటే బిడ్డను ఆపుతరా?"

"ఆపం. ఆమె పని ఆమెది. కానీ సెలవుకు ఆమె వచ్చి పండుకునేది మీ ఇంట్లనే, మళ్లీ పోయేది పసిపిల్లల దగ్గరికే కద."

ముక్తార్ తనూ ఎక్స్‌రేకు ఒప్పుకున్నాడు. కాని షరతులు పెట్టాడు. పక్కన హఫ్సా ఉండాలి. ఫోటో తీయకముందే తన పేరు ఎక్కించాలి. వరసలో తన ముందు ఎవరు, వెనక ఎవరు తనకు చెప్పాలి. వెనక పెంటవ్వ అనే ముసలామె ఉంది, దగ్గుతూ.

"అవ్వా, నువ్వు కొంచెం ఆగి రా" అన్నాడు.

"ఏం కొడ్కా, నేనేమన్న నీ పక్కబొక్కలు ఎత్తుకపోతనా? నాకే ఉన్నయి మస్తు."

లోపల పలక అంతే చల్లగా ఉంది. గాలి పీల్చి పట్టుకో అన్నారు. ఆ మాట కూడా అదే. ముక్తార్ పట్టుకున్నాడు, వదలమన్నాక కూడా పట్టుకునే ఉన్నాడు.

ఫిల్మును అతనే చేతుల్లోకి తీసుకుని, రెగ్జిన్ చూసినట్టు కిటికీ వెలుగుకు పట్టాడు. మూలన పేరు తనదే. పక్కటెముకల మధ్య, పై భాగాన, చొక్కా గుండీ అంత తెల్లటి చుక్క.

ఆ చుక్క ఉండకూడదని అతను ఇన్నేళ్లు కోరుకున్నాడు. లేకపోతే తన అనుమానం నిజం. ఉంది.

"ఎప్పుడో వచ్చి, దానంతటదే మానినట్టుంది" అంది ఉమారాణి. "గట్టిపడ్డది చూడండి. డబ్బాల తెమడ ఇచ్చి పోండి, అది కూడా చూద్దాం, అప్పుడు నమ్మకంగ చెప్పొచ్చు."

"గప్పుడే, ఇరవై ఐదేండ్ల కింద, ఉండొచ్చా?"

"ఉండొచ్చు. అప్పుడే ఎవరన్న డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్తే బాగుండు."

చెప్పలేదు. వెనకవాణ్ణి పిలిచారు. వెనకవాడు సురేందర్. వాడు లేచి వెళ్లి నిలబడ్డాడు, అంతే వాడు చేసింది. ముక్తార్ ఫిల్మును కవరులో పెట్టాడు, మళ్లీ తీసి చూశాడు.

సాయంత్రం బోధన్‌లో బస్సు దిగేసరికి సురేందర్ అక్కడే ఉన్నాడు.

"ఏమైంది బే? బిడ్డ పాసా?"

"పాసు ఫెయిలు ఉండదంట. పోతది వార్డుకు." ముక్తార్ రెండడుగులు ముందుకు వేసి ఆగాడు. "నీ ఆటో తీస్కరా దుకాణానికి. సీటు కుడుత."

సురేందర్ నోట్లోని అగ్గిపుల్ల తీసేశాడు. "ఎందుకు?"

"ఎందుకేంది, చినిగింది గనుక."

"ఎప్పటి నుంచో చినిగే ఉంది. ఇయ్యాల నీకు ఏం గావాలె నా తోని?"

"ఏం లేదు బే."

"ఏం లేకుండ నువ్వు సూది కూడ గుచ్చవు."

నాలుగు రోజుల పాటు సురేందర్ ఆటో దుకాణం వైపు రాలేదు. ఐదో రోజు వచ్చింది. ముక్తార్ పాత కవరు విప్పి, కుళ్లిన స్పాంజి పీకుతుండగా ఫోను మోగింది. హఫ్సా.

"అబ్బూ, నీ తెమడల ఏం దొరకలే. జబ్బు లేదన్నరు. నేను డ్యూటీల ఉన్న, పెట్టేస్తున్న."

"ఎవరు చూసిండ్రు?"

"ల్యాబోళ్లు. నేను పక్కనే నిలబడ్డ."

"డబ్బా మీద పేరు?"

"నీదే. నా చేత్తోనే రాసిన."

ముక్తార్ ఫోను జేబులో పెట్టుకుని కొత్త రెగ్జిన్ పరిచాడు. రెండు వరసల కుట్టు వేయడానికి దారం ఎక్కించాడు. జగన్మోహనరావు ట్రాక్టరుకు కూడా వేయని కుట్టు అది. సురేందర్ మాత్రం దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చాయ్ తెప్పిస్తే తాగలేదు, ఆటో ఎక్కేవాళ్లు వస్తే పంపేశాడు. లోపల ఏ స్పాంజి పెడుతున్నాడో మెడ సాచి చూస్తూ, సీటు బిగించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.