వెనింగ్ గదిలో గాలి

ముర్యాతి చేతులది పొగ రంగు. పద్నాలుగో ఏట ఇండోనేషియాలోని సెమరాంగ్ సముద్రపు ఒడ్డున చేపలకు పొగబెట్టే షెడ్డులోకి అడుగుపెట్టింది. ఇప్పుడు యాభై దాటాయి. కొబ్బరి చిప్పల మంట మీద, వెదురు పుల్లలకు గుచ్చిన జెల్ల ముక్కలు బంగారు రంగుకు తిరిగేదాకా ఆమె కళ్లు కారుతూనే ఉంటాయి. దాన్ని ఏడుపని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తన పొగ తనకు సరే. కూతురు వెనింగ్‌కు మాత్రం అది సోకకూడదు. పందొమ్మిదేళ్ల ఆ పిల్లకు ఉబ్బసం. అందుకే షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టించింది. షెడ్ల వైపున్న కిటికీకి మేకులు కొట్టి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. అయినా ఈ ఏడు ఆయాసం మరీ ఎక్కువైంది.

కాలేజీ నుంచి లారస్ అనే అమ్మాయి వచ్చింది. మనిషి పీల్చే గాలిలో పొగ ఎంతుందో కొలిచే యంత్రం తెచ్చింది. సబ్బు బిళ్లంత ఉంది. దాన్ని వారం రోజులు ఒంటి మీదే ఉంచుకోవాలట.

"నాకెందుకమ్మా? నా ఊపిరితిత్తులు ఎప్పుడో వేగిపోయాయి. కొలిచి కూర వండుతావా?" అంది ముర్యాతి. "మా పిల్లకూ ఒకటి తగిలించు. నాకంటే ఎంత మంచి గాలి పీలుస్తోందో చూద్దాం."

పక్క పొయ్యి దగ్గరి జుమినా నవ్వింది. "గాలికి కూడా గొప్పలు పోతోంది మా అక్క!"

వారం తరువాత ఒక మధ్యాహ్నం, లారస్ ఇంటికి వచ్చి తల్లీకూతుళ్లకు ఫోనులో రెండు గీతలు చూపించింది. ఒకటి పగలంతా కొండలా నిలిచి సాయంత్రానికి వాలిపోయింది. రెండోది పొద్దుగూకాక లేచి తెల్లవారేదాకా దిగలేదు.

"ఆ కొండ నాదేగా?"

"మీదే అత్తా. రెండోది వెనింగ్‌ది. రోజంతా కలిపితే మీకంటే తనే ఎక్కువ పీల్చింది. రాత్రిళ్లు తన గదిలో ఏం వెలిగిస్తారు?"

"దోమల కాయిల్. మూడు పెడతాను." అంది ముర్యాతి.

సముద్రపు పోటు నీళ్లు వీధుల్లోకి వచ్చి నిలిచిపోతాయి. ఆ నీళ్ల దోమలే ఆమె కొడుకు పంజిని ఏడేళ్ల వయసులో డెంగీతో తీసుకుపోయాయి. ఆనాటి నుంచి ఒక్క సాయంత్రమూ ఆమె కాయిల్ మరవలేదు. మూసిన గదిలో ఆ పొగకు కూతురి ఊపిరి తప్ప వేరే దారి లేదు.

"కిటికీ తెరిస్తే?" అంది లారస్.

"షెడ్ల పొగ."

"దోమతెర?"

"కట్టి చూశామక్కా," అంది వెనింగ్. "లోపల ఊపిరాడక చించుకుని బయటపడ్డాను. ప్లగ్గులో పెట్టే మందు వాసన కూడా పడదు నాకు."

లారస్ యంత్రాలను సంచిలో పెట్టుకుంది. "నాకు కొలవడమే తెలుసు అత్తా," అని తల దించుకుని వెళ్లిపోయింది.

వెలుగు గోడల మీద నుంచి నెమ్మదిగా జారిపోతోంది. ముర్యాతి కూతురి పక్కన కూర్చుంది.

"వెలిగించమ్మా. కుడుతున్నాయి."

"ఇన్నాళ్లూ నా చేత్తోనే..."

"తెలిసి చేశావా ఏంటి?"

"ఇప్పుడు తెలిసింది కదే."

వెనింగ్ మోచేతి మీద ఒక దోమ వాలింది. ముర్యాతి కొట్టింది. ఇంకొకటి వాలింది. అదీ చచ్చింది. మెడ దగ్గర మరొకటి పాడుతోంది.

ముర్యాతి అగ్గిపుల్ల గీసింది.