మేకుల కింది మన్ను

ఉజ్వల మా ఇంటికి వస్తోందంటే నాకు ముందు నా గిన్నెల మీద బెంగ. ఆ పిల్ల ఒకచోట నిలవదు. మాట్లాడుతూనే గరిటె తీస్తుంది, మూత తిప్పుతుంది, కిటికీ తెరుస్తుంది, మళ్ళీ మూస్తుంది. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అదే వాలకం. విసుక్కునేదాన్ని కానీ, ఆలోచిస్తే తప్పు పిల్లది కాదు. వాళ్ళ నాన్న కృష్ణప్రసాద్‌ది కంప్యూటర్ ఉద్యోగం. గుంటూరు నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి కౌలాలంపూర్, ఆ తర్వాత సింగపూర్. ప్రాజెక్టు ఎక్కడుంటే పెట్టెలు అక్కడికి. ఒక బళ్ళో స్నేహం కుదిరేలోపు ఇంకో బడి. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లకి ఏ నేల మీదా నమ్మకం లేకుండా పోయింది.

మాదీ వాళ్ళదీ సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో ఒకే బ్లాకు. వాళ్ళు పైన, మేం మూడంతస్తులు కింద. నేను విజయనగరం నుంచి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. మా ఆయన పైడిరాజు బస్సు డ్రైవరు, తాతల నాటి నుంచీ ఇక్కడివాడే. ఒకరోజు లిఫ్టులో నేను మా అత్తగారితో పోట్లాడుతుంటే, ఆ తెలుగు చెవిన పడి ఉజ్వల తల్లి కమలాదేవి నవ్వుతూ పలకరించింది. స్నేహం అలా మొదలైంది. మా అత్తగారి పేరు పాపమ్మ. బ్లాకులో పిల్లలందరికీ ఆవిడ పాటీయే. నానమ్మ అనడానికి తమిళుల మాట అది. ఉజ్వలకూ ఆవిడ పాటీ అయిపోయింది.

రెండువేల సంవత్సరం వచ్చేస్తున్న రోజులవి. ఎక్కడ విన్నా కంప్యూటర్ మాటే. గుళ్ళో ప్రసాదం వరసలో నిలబడ్డా ఎవరు ఏ కంపెనీకి దూకారు, ఎవరికి ఎంత పెరిగింది, ఇదే గోల. మా బ్లాకులో అద్దెకు దొరికిన ప్రతి గదిలోనూ మనవైపు కుర్రాళ్ళు దిగిపోయారు. సైన్స్ పార్కుకు పొద్దున్నే పరుగు తీసే కృష్ణప్రసాద్‌కు లోకంలో ఇంకో చదువు ఉందంటే నమ్మకం లేదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఈ పిల్ల రాళ్ళూ మన్నూ పట్టుకుంది.

రోడ్డు పనికి తవ్విన చోట ఏరుకొచ్చిన రాయిని ఒక సాయంత్రం నా వంటింటి బల్ల మీద పెట్టింది.

"ఆంటీ, ఇది గ్రానైట్. గట్టిగా ఉంటుందనుకుంటున్నారా?"

"రాయి గట్టిగా ఉండక ఇడ్లీలా ఉంటుందా?"

వేళ్ళతో నలిపింది. రవ్వలడ్డు చిదిమినట్టు పొడై నా బల్లంతా పడింది. "చూశారా! వానా వేడీ కలిసి ఉన్నచోటే కుళ్ళబెట్టేశాయి. దిస్ ఈజ్ వెదరింగ్. ఇంకా ఎక్కడికీ పోలేదు, మెత్తబడిందంతే. తర్వాత వాన వచ్చి ఎత్తుకెళ్తే అది ఎరోజన్. అన్ని కొండలూ ఇంతే ఆంటీ. మనకి కదలనట్టు కనిపిస్తాయి గానీ, నథింగ్ ఈజ్ స్టేయింగ్ లా!" మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు, ఈ పిల్లకీ అంటుకుంది.

శైథిల్యం, క్రమక్షయం అని మా బడిలో నేనూ బట్టీపట్టాను, పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయాను. ఈ పిల్ల మాత్రం తన చుట్టాల సంగతి చెబుతున్నట్టు చెప్పింది. ముందు బల్ల తుడవమన్నాను.

ఇంట్లో ఆ మాటలు వినే ఓపిక ఎవరికీ లేదు. భూగోళం వదిలేసి కంప్యూటర్ తీసుకోమని తండ్రి పట్టు. మార్చిలోగా మార్చుకోవచ్చని బడివాళ్ళు అన్నారట. పిల్ల అన్నం మానేసింది, తలుపులు వేసుకుంది. చివరికి కమలాదేవి నడుమ పడితే ఒక ఒప్పందం కుదిరింది. భూగోళం టీచరు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. అందులో అన్నిటికన్నా పై గ్రేడు వస్తే ఆ చదువు ఉంచుకోవచ్చు. అంతకు తగ్గితే నోరెత్తకుండా కంప్యూటర్ తీసుకోవాలి.

మా బ్లాకు వెనక పచ్చగడ్డి వాలు ఒకటుంది. కొత్త రైలు స్టేషన్ తెరిచాక చుట్టూ తిరగడానికి బద్ధకించి జనం ఆ వాలు మీంచే అడ్డంగా దిగడం మొదలుపెట్టారు. గడ్డి చచ్చి ఎర్రమన్ను బయటపడింది. ఉజ్వల అక్కడ కాలిబాటకు ఓరగా, వాలు పొడుగునా పొడుగాటి మేకులు దిగగొట్టింది. వాన మన్నును కోసుకుపోయేకొద్దీ మేకు బయటపడుతుంది, బయటపడ్డంత మేర స్కేలుతో కొలవాలి. ఎవరి కాలికీ తగలకుండా మేకులకు పసుపురంగు వేసింది. కొసన ఎర్రరంగు బొట్టు పెట్టింది.

ఇక ఆ పిల్లకి నిద్రా తిండీ లేవు. మబ్బు పడితే కిటికీ, వాన కురిస్తే గొడుగు, వెలిస్తే స్కేలు. డిసెంబరు వానలు దంచికొడుతుంటే ఊళ్ళో అందరూ తిట్టుకున్నారు, ఈమె ఒక్కతే పండగ చేసుకుంది. మేకులు మెల్లగా తలలెత్తాయి. కొలతలన్నీ గ్రాఫు కాగితం మీద చుక్కలై ఎక్కాయి.

ఫిబ్రవరిలో వానలు ఆగాయి. చుక్కలు ఇక ఎక్కకూడదు. కానీ ఎక్కాయి! అన్నిటికన్నా పైనున్న మేకు కింద మన్ను, వానాకాలంలో కన్నా జోరుగా కరిగిపోతోంది. దాని కిందున్న మేకుల దగ్గరా అంతే. ఉజ్వల స్కేలు మార్చింది. బడికి పోయేముందోసారి, వచ్చాకోసారి కొలిచింది. కుక్కల్ని అనుమానించింది, పిల్లల్ని అనుమానించింది, ఊడ్చేవాణ్ణి పట్టుకుని నిలదీసింది. తండ్రి కాగితం చూసి, "నీ డేటా అంతా తప్పమ్మా. కంప్యూటర్ అయితే ఇలా చేయదు" అన్నాడట. ఏడుస్తూ మా ఇంటికొచ్చి నా గిన్నెలన్నీ సర్ది, మళ్ళీ కలిపేసింది. నాకు కృష్ణప్రసాద్ మీద ఒళ్ళు మండింది.

"శనివారం పొద్దున్నే ఇద్దరం కాపు కాద్దాం. ఎవడైతే వాడి కాళ్ళు విరగ్గొడతాను" అన్నాను.

తెల్లారుతూనే మెట్ల పక్కన నిలబడ్డాం. కాసేపటికి ఇత్తడి చెంబు పట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, వాలెక్కుతూ మా అత్తగారు కనిపించారు! పై మేకు ముందు కూర్చుని పసుపునీళ్ళు ధారగా పోశారు. మేకుకు కుంకం పెట్టి, కర్పూరం వెలిగించి, లెంపలు వేసుకున్నారు. ఎర్రటి నీళ్ళు పాయలై అన్ని మేకుల మీదుగా కిందికి పారాయి.

నేను నోరు తెరిచేలోపే ఉజ్వల పరుగెత్తింది. "పాటీ! ఏం చేస్తున్నారు! అవి నా మేకులు! నేనే కొట్టాను! మొత్తం స్పాయిల్ చేసేశారు లా!"

అత్తగారు తొణకలేదు. "నువ్వు కొడితే ఏటే గుంటా? ఈ సోటే నీసేత కొట్టించినోల్లు ఎవులు? అమ్మోరు ఎలిసినాది."

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, ఆ పొద్దున పిల్లకు మొత్తం చెప్పారు. వుడ్‌ల్యాండ్స్ వైపు పూర్వం వాళ్ళు కూలి లైన్లలో, అంటే కూలీలకు కట్టిన వరస ఇళ్ళలో ఉండేవారు. వెనక గుట్ట వాలులో పసుపు రాసిన రాయి ఒకటి, అదే అమ్మవారు. ఫ్లాట్లు కట్టడానికి లైన్లు తీసేశారు, గుట్టను తవ్వి చదును చేశారు.

"ఎవులూ సెడ్డోల్లు కాదు, మంచి ఇల్లే ఇచ్చినారు. కానీ గుట్టతోపాటు అమ్మోరినీ లారీలోకెత్తేసినారు. ఏ సోట పోసినారో ఎవుల్నడిగినా తెల్దు. అప్పట్నించీ నాను ఎతుకుతానే ఉన్నాను. ఇన్నాల్లకి పసుపూ కుంకంతో నా ఇంటెనకే లేచింది" అన్నారు.

ఉజ్వల కోపం ఏమైందో నాకు తెలియదు. వాలు మీద అటూ ఇటూ తిరిగింది. గోళ్ళు కొరికింది. ఉన్నట్టుండి ఆగి, "పాటీ, రోజూ ఒక్క చెంబేనా? ఇదే చెంబా? ఇక్కడే పోస్తారా?" అని అడిగింది. చెంబు లాక్కుని లోపల వేలు పెట్టి చూసింది. ఎంత నీళ్ళో తెలిస్తే, ఎండ రోజుల్లో అన్ని నీళ్ళకు ఎంత మన్ను పోతుందో తేలుతుందట. వాలు మీద పారే వాననీళ్ళను అలా పట్టి కొలవలేం, దీన్ని కొలవచ్చట. టీచరు కూడా సరేనన్నారు. కానీ ఒక్క వారం లెక్కతో నమ్మకం కుదరదు, ఇంకో వారం కూడా అలాగే తేలాలన్నారు.

మొదటి వారం ఇద్దరూ జోడెద్దుల్లా పనిచేశారు. అత్తగారు పోయడం, పిల్ల కొలవడం. కోడలినైన నేను ఏది చెప్పినా వంకలు పెట్టే మనిషి, ఆ పిల్ల చెప్పినట్టల్లా చెంబు ఒకే ఎత్తులో పట్టుకున్నారు. నాకు కొంచెం ఉక్రోషంగానే ఉండేది.

వారం పూర్తయిన రోజు ఉజ్వల గంతులేస్తూ వచ్చింది. "పాటీ, మీ చెంబు ఎంత స్ట్రాంగో తెలుసా? డిసెంబర్ వాన కంటే ఎక్కువ మన్ను తీసేసింది!"

"తీసేసిందంటే?"

"మీరు నీళ్ళు పోసిన చోట మన్ను కరిగి పోతోంది కదా. పై మేకు కింద అంతా గుంటే. ఇంకొన్నాళ్ళు పోస్తే ఆ మేకు పడిపోతుంది కూడా."

అత్తగారి ముఖం పాలిపోయింది. "నా నీల్లకేనా? నాను పూజ సేత్తన్నాననుకుంటే, నా సేతుల్తో నానే అమ్మోరి కాల్ల కింద మన్ను తీసేత్తన్నానా?"

చెంబు బోర్లించి గూట్లో పెట్టేశారు. మర్నాడు కిందికి దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. కిటికీ దగ్గర కూర్చుని వాలు వైపు చూస్తూ, ఎవరు పలకరించినా 'మకాన్ అయిందా' అని, అంటే తిన్నారా అని, అడగడం కూడా మానేశారు.

రెండో వారం కొలత లేకపోతే ఉజ్వల ప్రాజెక్టు సగంలో ఆగినట్టే. నాకు మనసు ఆగలేదు. "నువ్వే పోసెయ్యి. నీళ్ళు నీళ్ళే కదా. చెంబు నేనిస్తాను" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "అది పాటీ అమ్మోరు ఆంటీ. ఇప్పటికే ఒకసారి లారీ ఎత్తుకెళ్ళింది. నేనెలా పోస్తాను?" అని, నా చేతిలో ఉల్లిపాయ తీసుకుని పొట్టు పీకుతూ, "కంప్యూటర్ అంత బ్యాడ్ కాదులెండి" అంది. ఆ ముఖం చూడలేకపోయాను. బడి తర్వాత బడి మార్చినప్పుడల్లా ఇలాగే అని ఉంటుంది ఈ పిల్ల అనిపించింది.

ఆ సాయంత్రం అత్తగారికి అంతా చెప్పేశాను. తండ్రి పెట్టిన షరతు, కావలసిన వారం, పిల్ల నీళ్ళు పోయనన్న సంగతి. ఆవిడ మళ్ళీ కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. మనిషి కాదు, రాయి అనుకున్నాను.

పొద్దున లేచేసరికి గూట్లో చెంబు లేదు. గబగబా కిందికి పోయాను. అత్తగారు పై మేకు ముందు నిలబడి అమ్మవారిని తిడుతున్నారు! "నీకేటే? నీకు లోకమంతా సోటే! లారీలో పోయినా బతికినావు. ఈ గుంటకి ఇదొక్కటే దారి. కోపమొత్తే నా మీదే తీర్సుకో, దాన్నేటీ అనకు" అంటూ నీళ్ళు పోశారు. కళ్ళు కారుతూనే ఉన్నాయి, ధార మాత్రం వణకలేదు.

వారమంతా అలాగే పోశారు. ఆఖరి రోజున మేకు పక్కకు ఒరిగి, దొర్లి, కాలిబాట మీద పడింది. ఉజ్వల గుంట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వెక్కుతూ స్కేలు పెట్టింది.

"సరిపోనాదా?" అని అడిగారు అత్తగారు.

"సరిపోయింది పాటీ."

పై గ్రేడు వచ్చింది. కృష్ణప్రసాద్ గొణిగాడు గానీ మాట తప్పలేదు. వాలు కోసుకుపోతోందని ఎవరో ఫిర్యాదు చేసినట్టున్నారు, పనివాళ్ళు వచ్చి మిగిలిన మేకులు పీకి, కొత్తమన్ను పోసి గడ్డి పరిచేశారు. రెండు రోజుల్లో అక్కడ ఏమీ జరగనట్టయింది.

ఉజ్వల ఆ మార్కుల కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. సంతోషంగా లేదు. కుర్చీ చివర కూర్చుంది, లేచింది. "నాకేమో వచ్చింది ఆంటీ. పాటీకి?" అంది. నేను వంటింట్లోకి పోయాను. వెనకే ఉజ్వలా అత్తగారూ వచ్చారు.

"సదువుకున్నావు కదే, సెప్పు. ఆ మన్నంతా ఏ సోటకి పోనాది?" అని అడిగారు అత్తగారు.

ఉజ్వలకు ఊపిరి తిరిగినట్టయింది. వేలితో గాలిలో గీస్తూ చెప్పింది. "వాలు కింద డ్రెయిన్ ఉంది కదా పాటీ, అందులోకి. డ్రెయిన్ నుంచి పెద్ద కాలవలోకి. కాలవ నుంచి క్రాంజి రిజర్వాయర్‌లోకి."

"ఆ నీల్లు ఏటి సేత్తారు?"

"మనం తాగేది అవే."

అత్తగారు నన్ను పక్కకు జరిపి, కుళాయి తిప్పి, దోసిలి పట్టారు. నీళ్ళు కళ్ళకద్దుకుని తాగారు. తడిచేయి తలకు రాసుకున్నారు.

ఉజ్వల నోరు తెరిచింది. మన్నంతా చెరువు అడుగునే ఉండిపోతుందని, వడగట్టిగానీ ఇళ్ళకు నీళ్ళు వదలరని ఆ పిల్లకు తెలియనిది కాదు. చుక్క తేడా వస్తే నిద్రపోని పిల్ల. చెప్పేస్తుందనే అనుకుని కళ్ళెర్రజేసి చూశాను. నావైపు చూడనేలేదు. మెల్లగా అత్తగారి పక్కకు వెళ్ళి, ఆ కుళాయి కిందే తన దోసిలి కూడా పట్టింది.